డబ్బుంటే ఇంటికి, లేకపోతే జైలుకి: అమెరికా క్యాష్ బెయిల్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), నగరాలు నడిపే స్థానిక జైళ్ళలో ఏ రోజు తలలు లెక్కపెట్టినా, పదిమందిలో దాదాపు ఏడుగురు ఇంకా ఏ కోర్టూ దోషులని తేల్చని మనుషులే. వాళ్ళ సంఖ్య నాలుగు లక్షలు దాటుతుంది. కొందరిని జైల్లోనే ఉంచాలని జడ్జి ఆలోచించే నిర్ణయించాడు. చాలామంది మాత్రం జడ్జి చెప్పిన డబ్బు కట్టలేక ఉండిపోయారు. వీళ్ళ గురించి, ఈ పద్ధతిని మార్చడానికి జరుగుతున్న ప్రయత్నాల గురించి జనం ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

క్యాష్ బెయిల్ అంటే ఏమిటి?

అరెస్టయిన మనిషిని మామూలుగా ఒకటి రెండు రోజుల్లో జడ్జి ముందుకు తెస్తారు. కేసు తేలేదాకా అతన్ని బయట ఉండనివ్వాలా, ఉండనిస్తే ఏ షరతు మీద అన్నది జడ్జి అక్కడ చెబుతాడు. సొంత పూచీకత్తు మీద, అంటే "వాయిదాలకు వస్తాను" అన్న మాట మీదే వదిలేయొచ్చు. షరతులు పెట్టి వదలొచ్చు. లేదా "ఇన్ని డాలర్లు కడితేనే" అనొచ్చు. ఈ మూడోదే క్యాష్ బెయిల్.

ఇది జరిమానా కాదు. వాయిదాలన్నిటికీ హాజరైతే, కేసు ముగిశాక ఆ డబ్బు తిరిగి ఇస్తారు. కొన్నిచోట్ల కోర్టు ఫీజులు పట్టుకుంటారు. మనిషి పారిపోకుండా ఉండటానికి డబ్బును హామీగా పెట్టుకోవడం దీని వెనకున్న ఆలోచన. చేతిలో డబ్బు ఉన్నవాడి విషయంలోనే ఆ ఆలోచన పనిచేస్తుంది. లేనివాడికి అది విడుదల షరతు కాదు, జైలు ఉత్తర్వే.

జడ్జి ఈ నిర్ణయం ఎంతసేపట్లో చేస్తాడో కూడా తెలుసుకోవాలి. చాలా కౌంటీల్లో ఒక్కో కేసుకు కొన్ని నిమిషాలు దొరికితే ఎక్కువ. కొన్నిచోట్ల జైలు నుంచి వీడియోలోనే చూపిస్తారు. నిందితుడి పక్కన లాయర్ ఉండని చోట్లూ ఉన్నాయి. నేరానికో రేటు చొప్పున ముందే పట్టిక రాసిపెట్టుకుని, అందులో చూసి అంకె చెప్పేసే కోర్టులు ఎన్నో.

అంత డబ్బు లేనివాళ్ళు ఏం చేస్తారు?

బెయిల్ బాండ్ ఏజెంట్ దగ్గరికి వెళతారు. మామూలుగా బెయిల్ మొత్తంలో పది శాతం ఏజెంట్ ఫీజుగా తీసుకుని, మిగతాదానికి కోర్టులో తను పూచీ పడతాడు. 10,000 డాలర్ల బెయిల్ అయితే 1,000 డాలర్లు కట్టాలి. ఆ వెయ్యి మళ్ళీ రాదు. నిందితుడు ఒక్క వాయిదా కూడా తప్పకపోయినా, వారం తిరక్కముందే ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయర్) కేసు వెనక్కి తీసుకున్నా, నిర్దోషి అని తీర్పొచ్చినా రాదు. పైగా కుటుంబంలో ఎవరో ఒకరు ఇంటి పత్రాల మీదో, కారు మీదో సంతకం పెట్టాల్సి రావచ్చు.

ఇలా లాభం కోసం బెయిల్ అమ్మడాన్ని చట్టబద్ధంగా సాగనిస్తున్న దేశాలు ప్రపంచంలో అమెరికా, ఫిలిప్పీన్స్ మాత్రమే అని చెబుతారు. అమెరికాలోనూ కెంటకీ 1976లోనే ఈ వ్యాపారాన్ని నిషేధించింది. ఇల్లినాయ్, ఒరెగాన్, విస్కాన్సిన్‌లో కూడా ఇది లేదు. ఆ రాష్ట్రాల్లో కోర్టులు ఆగిపోలేదు. బెయిల్ ఏజెంట్ లేకపోతే న్యాయవ్యవస్థే నడవదన్న వాదన చేసేవాళ్ళు ముందు కెంటకీ వైపు చూడాలి.

వెయ్యి డాలర్లు అంత పెద్ద మొత్తమా?

అరెస్టయ్యేవాళ్ళలో ఎక్కువమందికి పెద్దదే. పెద్ద నేరారోపణల్లో మధ్యస్థ బెయిల్ మొత్తం 10,000 డాలర్ల దగ్గర ఉందని, బెయిల్ కట్టలేక జైల్లో ఉండిపోయే మనిషికి అది సుమారు ఎనిమిది నెలల సంపాదన అని ప్రిజన్ పాలసీ ఇనీషియేటివ్ అనే పరిశోధన సంస్థ లెక్క కట్టింది. చిన్న కేసుల్లో 500 డాలర్లు సర్దలేక ఆగిపోయేవాళ్ళు కూడా ఉంటారు. అద్దె కట్టే వారంలో అరెస్టయితే ఆ ఐదు వందలు ఎక్కడినుంచి వస్తాయి?

తప్పు చేయకపోతే విచారణలో తేలుతుంది కదా. భయమెందుకు?

ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే. విచారణ జరిగితే కదా తేలేది! అమెరికాలో పడే శిక్షల్లో వందకు తొంభై ఐదు దాకా విచారణ లేకుండానే పడతాయి. నిందితుడు ప్రాసిక్యూటర్‌తో ఒప్పందానికి వచ్చి "నేరం చేశాను" అని ఒప్పుకుంటాడు, జడ్జి శిక్ష రాస్తాడు, కేసు అయిపోతుంది.

ఇప్పుడు లోపల ఉన్న మనిషి వైపు నుంచి చూడండి. చిన్న దొంగతనం కేసు. బెయిల్ కట్టలేక ఒకామె పది రోజులుగా జైల్లో ఉంది. లాయర్ వచ్చి చెబుతాడు: "ఒప్పుకుంటే ఇన్నాళ్ళు ఉన్న జైలునే శిక్షగా లెక్కేస్తారు, ఇవాళే ఇంటికి వెళ్ళొచ్చు. పోరాడతానంటే విచారణకు ఇంకా రెండు నెలలు పడుతుంది, అందాకా ఇక్కడే." ఇంట్లో పిల్లలున్నారు, పనికి వెళ్ళక పది రోజులైంది. నేరం చేయని మనిషి కూడా ఎక్కడ సంతకం పెట్టాలని అడుగుతుంది. ఆ సంతకంతో ఆమె మీద జీవితాంతం నేరచరిత్ర ఉండిపోతుంది. అదే కేసులో 1,000 డాలర్లు కట్టి బయటికొచ్చిన మనిషికి ఈ తొందర లేదు. సాక్షులను వెతుక్కుంటుంది, లాయర్ ఆఫీసుకు వెళ్ళి కూర్చుని మాట్లాడుతుంది. అలా నిలబడితే కేసు వీగిపోయే అవకాశం కూడా ఉంటుంది.

ఇది ఊహ కాదు. హ్యూస్టన్ నగరం ఉండే టెక్సస్‌లోని హారిస్ కౌంటీలో లక్షలాది చిన్న కేసులను పరిశీలించిన అధ్యయనం 2017లో వచ్చింది. ఒకే రకం కేసుల్లో, విడుదలైనవాళ్ళతో పోలిస్తే జైల్లో ఉండిపోయినవాళ్ళు నేరం ఒప్పుకునే అవకాశం 25 శాతం ఎక్కువ, జైలుశిక్ష పడే అవకాశం 43 శాతం ఎక్కువ అని అందులో తేలింది. ఫిలడెల్ఫియా, మయామీ కేసుల మీద వేరే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం కూడా ఇదే మాట చెప్పింది. బయటికొచ్చినవాళ్ళు నేరం ఒప్పుకోవడం తక్కువ, తర్వాత ఉద్యోగంలో ఉండటం ఎక్కువ.

అంటే విచారణకు ముందు జైలు అనేది తీర్పు కోసం ఎదురుచూసే గది కాదు. తీర్పు ఎటు పోవాలో చాలాసార్లు అక్కడే తేలిపోతోంది.

నాలుగు రోజులు జైల్లో ఉంటే అంత నష్టం ఏం జరుగుతుంది?

గంటల లెక్కన జీతమొచ్చే పనిలో మూడు రోజులు చెప్పకుండా రాకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే అద్దె ఆగుతుంది. పిల్లల్ని చూసుకునే మనిషి ఒక్కరే అయితే ఆ పిల్లలు ఎవరి చేతుల్లోకి వెళతారో తెలియదు. రోజూ వేసుకునే మందులు జైల్లో సమయానికి అందకపోవచ్చు. మానసికంగా కుంగిపోయినవాళ్ళకు మొదటి రోజులే అన్నిటికన్నా ప్రమాదం.

2015 జులైలో సాండ్రా బ్లాండ్ అనే 28 ఏళ్ళ నల్లజాతి మహిళ కొత్త ఉద్యోగం కోసం టెక్సస్ వచ్చింది. సిగ్నల్ వేయకుండా లేన్ మారిందని పోలీసు కారు ఆపాడు, మాటామాటా పెరిగి అరెస్టు చేశాడు. బెయిల్ 5,000 డాలర్లు. బయటికి రావడానికి సుమారు 500 డాలర్లు కావాలి. మూడో రోజు వాలర్ కౌంటీ జైలు గదిలో శవమై కనిపించింది. ఆత్మహత్య అని అధికారికంగా తేల్చారు.

న్యూయార్క్ బ్రాంక్స్ కుర్రాడు కలీఫ్ బ్రౌడర్ కథ ఇంకా పొడుగు. 2010లో, పదహారేళ్ళ వయసులో, ఎవరిదో బ్యాక్‌ప్యాక్ దొంగిలించాడన్న ఆరోపణ మీద పట్టుకున్నారు. మొదట 3,000 డాలర్ల బెయిల్ పెట్టారు. కుటుంబం కట్టలేకపోయింది. రెండు నెలలు దాటాక, అంతకుముందు కేసులో ప్రొబేషన్ మీద (జైలుకు బదులు షరతులతో బయట) ఉన్నాడన్న కారణంతో బెయిల్ అవకాశమే తీసేశారు. మొదటి రోజే ఆ మూడు వేలు దొరికి ఉంటే అతను ఇంటికి వెళ్ళేవాడు. దొరకలేదు కాబట్టి న్యూయార్క్ నగర జైలు రైకర్స్ ఐలాండ్‌లో సుమారు మూడేళ్ళు, అందులో రెండేళ్ళ దాకా ఏకాంత నిర్బంధంలో గడిపాడు. వాయిదా మీద వాయిదా పడుతూనే ఉంది. ఒప్పుకుంటే వదిలేస్తామన్నా ఒప్పుకోలేదు, చేయని నేరం ఎందుకు ఒప్పుకోవాలన్నాడు. 2013లో ప్రాసిక్యూటర్లు కేసు వెనక్కి తీసుకున్నారు. విచారణ జరగనే లేదు. రెండేళ్ళ తర్వాత, 22 ఏళ్ళకు, ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ మూడేళ్ళకు జవాబు చెప్పిన మనిషి లేడు.

దీనికి అమెరికా రాజ్యాంగం ఒప్పుకుంటుందా?

"మితిమీరిన బెయిల్ అడగకూడదు" అని రాజ్యాంగం ఎనిమిదో సవరణ 1791 నుంచీ చెబుతోంది. మనిషిని కోర్టుకు రప్పించడానికి తగినంతకు మించి అడిగితే అది మితిమీరిన బెయిలేనని 1951లో స్టాక్ వర్సెస్ బాయిల్ కేసులో సుప్రీంకోర్టు అంది. 1987లో సలెర్నో కేసులో, ప్రమాదకరమైన నిందితుణ్ణి బెయిల్ లేకుండా లోపల ఉంచే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టాన్ని సమర్థిస్తూనే, స్వేచ్ఛ నియమమని, విచారణకు ముందు నిర్బంధం జాగ్రత్తగా గీత గీసిన మినహాయింపు అని రాసింది. ఆ ఫెడరల్ చట్టంలోనే ఇంకో మాట ఉంది: కట్టలేనంత డబ్బు షరతు పెట్టి ఎవరినీ జైల్లో ఉంచకూడదు. రాష్ట్రాల కోర్టులకు ఆ చట్టం వర్తించదు. మనం మాట్లాడుకుంటున్న కేసుల్లో దాదాపు అన్నీ ఆ రాష్ట్రాల కోర్టుల్లోనివే.

కింది స్థాయిలో మార్పు కోర్టుకెళ్ళిన మనుషుల వల్ల వచ్చింది. హారిస్ కౌంటీ మీద 2016లో వేసిన దావాలో, చిన్న కేసుల్లో పేదవాళ్ళను డబ్బు కోసం ఆపడం రాజ్యాంగ విరుద్ధమని 2017లో ఫెడరల్ జడ్జి లీ రోజెంతాల్ తీర్పిచ్చారు. 2019లో కౌంటీ ఒప్పందానికి వచ్చింది. కాలిఫోర్నియాలో, ఏడు డాలర్లు, ఒక పెర్ఫ్యూమ్ సీసా దొంగిలించాడన్న కేసులో కెనెత్ హంఫ్రీ అనే పెద్దాయనకు మొదట 6 లక్షల డాలర్లు, తర్వాత మూడున్నర లక్షల డాలర్ల బెయిల్ పెట్టారు. ఆ కేసులోనే 2021లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, డబ్బు కట్టలేకపోవడం ఒక్కటే కారణంగా ఎవరినీ నిర్బంధించకూడదని చెప్పింది.

డబ్బు తాకట్టు లేకపోతే వాయిదాలకు ఎవరొస్తారు?

చాలామంది వస్తారు. 1961లో మాన్‌హాటన్‌లో వెరా ఫౌండేషన్ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఊళ్ళో కుటుంబం, ఉద్యోగం, చిరునామా ఉన్నాయో లేదో విచారించి, ఉన్నవాళ్ళను సొంత పూచీకత్తు మీద వదలమని జడ్జిలకు సిఫార్సు చేసింది. అలా బయటికొచ్చినవాళ్ళలో రాకుండా పోయినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. 1966 నాటి ఫెడరల్ బెయిల్ సంస్కరణ చట్టం వెనక ఈ అనుభవమే ఉంది.

2018లో ఫిలడెల్ఫియా ప్రాసిక్యూటర్ కార్యాలయం పాతిక రకాల చిన్న నేరాల్లో డబ్బు బెయిల్ అడగడం మానేసింది. హాజరు తగ్గలేదు, కొత్త నేరాలూ పెరగలేదని పరిశోధకులు తేల్చారు. రాజధాని వాషింగ్టన్ నగరంలో 1990ల మొదటి నుంచీ డబ్బు కట్టలేదని ఎవరినీ ఆపడం లేదు. అక్కడ విడుదలైన పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఒక్క వాయిదా కూడా తప్పడం లేదు.

రానివాళ్ళు ఎందుకు రారు? వాయిదా తేదీ మరిచిపోతారు, పనిలో సెలవు దొరకదు, బస్సు ఉండదు, పిల్లల్ని చూసేవాళ్ళుండరు. వేరే దేశం పారిపోయేవాళ్ళు అరుదు. న్యూయార్క్ నగరంలో వాయిదాకు ముందు రోజుల్లో ఫోన్‌కు మెసేజ్ పంపితే, గైర్హాజరు ఐదో వంతు దాకా తగ్గింది. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు పంపే మెసేజ్ లాంటిదే అది. ఒక మెసేజ్ ఖర్చుతో అయ్యే పనికి జైలు గది ఖర్చు పెడుతున్నారు.

మరి ప్రమాదకరమైనవాళ్ళు బయటికొస్తే?

న్యాయమైన భయం. దీన్ని కొట్టిపారేసే సంస్కరణవాదుల మాట జనం వినరు, వినక్కర్లేదు కూడా.

కానీ డబ్బు ప్రమాదాన్ని కొలవదు. 2021 నవంబరులో విస్కాన్సిన్‌లోని వాకెషా పట్టణంలో క్రిస్మస్ ఊరేగింపు మీదికి ఒకడు కారు తోలి ఆరుగురి ప్రాణాలు తీశాడు. అంతకు కొద్ది రోజుల ముందే, కారుతో మనిషిని గుద్దాడన్న కేసులో 1,000 డాలర్ల క్యాష్ బెయిల్ కట్టి బయటికొచ్చాడు. బెయిల్ మరీ తక్కువ పెట్టారని అప్పుడు అందరూ అన్నారు. ఎక్కువ పెట్టి ఉంటే డబ్బున్నవాడు అదీ కట్టి వచ్చేవాడు. అతను ప్రమాదకరమా కాదా అన్న ప్రశ్న ఎవరూ సూటిగా అడిగి, సాక్ష్యం చూసి, జవాబు రాయలేదు. అసలు లోపం అది. భార్యను కొట్టి అరెస్టయినవాడు సాయంత్రానికి డబ్బు కట్టి అదే ఇంటి తలుపు తట్టడం కూడా ఈ పద్ధతిలోనే జరుగుతుంది.

మంచి సంస్కరణ ఆ ప్రశ్నను సూటిగా అడుగుతుంది. ప్రాసిక్యూటర్ నిర్బంధం కోరాలి, నిందితుడికి లాయర్ ఉండాలి, జడ్జి రెండు వైపులా విని కారణాలు రాయాలి. నిర్బంధం అవసరమని ఆ విచారణలో తేలితే ఎంత డబ్బున్నా విడుదల లేదు. తేలకపోతే డబ్బు లేకపోయినా విడుదలే.

సంస్కరణ చేసిన చోట ఏమైంది?

న్యూజెర్సీ అందరికన్నా శ్రద్ధగా చేసింది. 2014లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నారు, 2017 జనవరి 1న కొత్త చట్టం అమల్లోకొచ్చింది. క్యాష్ బెయిల్ దాదాపు కనుమరుగైంది. 2015 చివరి నుంచి 2018 చివరికి విచారణ ఖైదీల సంఖ్య 44 శాతం తగ్గింది. కోర్టు హాజరు మాత్రం 92.7 శాతం నుంచి 89.4 శాతానికి దిగింది. ఆ చిన్న తగ్గుదల నిజమే, దాన్ని దాచక్కర్లేదు. వేలమంది ఇళ్ళలో ఉండటానికి అది చెల్లించదగిన ధరేనని నా అభిప్రాయం.

ఇల్లినాయ్ 2021లో చట్టం చేసింది. దాని మీద కేసులు నడిచి, రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించాక, 2023 సెప్టెంబరు 18 నుంచి క్యాష్ బెయిల్‌ను పూర్తిగా రద్దు చేసిన మొదటి రాష్ట్రమైంది. అంతకుముందు హెచ్చరించినట్టు నేరాలు చెలరేగిపోలేదు.

న్యూయార్క్ కథ చిక్కుగా ఉంది. 2020 జనవరిలో చాలా చిన్న, హింస లేని కేసుల్లో డబ్బు బెయిల్ తీసేశారు. గొడవ మొదలైంది, శాసనసభ 2020లో, 2022లో, 2023లో మళ్ళీ మళ్ళీ సవరించింది. జాన్ జే కాలేజ్ పరిశోధకులు 2023లో చెప్పింది ఇదీ: బెయిల్ తీసేసిన కేసుల్లో మొత్తం మీద మళ్ళీ అరెస్టవడం తగ్గింది. ఈ మధ్యే ఇంకో కేసు ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం పెరిగింది. రెండూ నిజమే. రెండో ముక్క చూపించి మొదటిదాన్ని కొట్టేయడం ఎన్నికల ప్రచారానికి పనికొస్తుంది, చట్టం రాయడానికి కాదు.

కాలిఫోర్నియా ఓటర్లు క్యాష్ బెయిల్ రద్దు వద్దన్నారు కదా?

అన్నారు. 2018లో చేసిన రద్దు చట్టాన్ని బెయిల్ పరిశ్రమ ఓటింగ్ దాకా లాగింది, 2020 నవంబరులో అది ఓడిపోయింది. అయితే దాన్ని వ్యతిరేకించినవాళ్ళలో పౌరహక్కుల సంస్థలు కూడా ఉన్నాయి. డబ్బు స్థానంలో కంప్యూటర్ లెక్కగట్టే రిస్క్ స్కోరును పెట్టడం వాళ్ళకు నచ్చలేదు. పాత అరెస్టుల లెక్కల మీద తయారైన స్కోరు, పోలీసులు ఎక్కువగా తిరిగే నల్లజాతి పేటల మనుషులనే ఎక్కువ ప్రమాదకరమని లెక్కగడుతుందన్నది వాళ్ళ భయం. ఆ భయంలో నిజముంది. స్కోరు జడ్జికి ఒక కాగితంగా ఉండొచ్చు, జడ్జి స్థానంలో కూర్చోకూడదు.

జాతి వివక్ష దీనిలో ఎంత?

మయామీ, ఫిలడెల్ఫియా బెయిల్ నిర్ణయాల మీద 2018లో అచ్చయిన అధ్యయనంలో నల్లజాతి నిందితుల పట్ల వివక్ష స్పష్టంగా కనబడింది. దానికి కుటుంబాల దగ్గరున్న ఆస్తిలో తేడా తోడవుతుంది. ఇద్దరికీ ఒకే బెయిల్ పెట్టినా ఒకరు ఇంటికి, ఒకరు జైలుకి.

ఇమ్మిగ్రేషన్ బాండ్ కూడా ఇదేనా?

కాదు. వలస కేసుల్లో నిర్బంధించినవాళ్ళను వదలడానికి కట్టే హామీ డబ్బు అది. సివిల్ వ్యవహారం, వేరే చట్టం, వేరే జడ్జిలు. బాండ్ మంజూరైతే చట్టం ప్రకారం కనీసం 1,500 డాలర్లు. రాష్ట్రాల బెయిల్ సంస్కరణలు దానికి వర్తించవు.

ఇప్పుడు గాలి ఎటు వీస్తోంది?

వెనక్కి. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్, వాషింగ్టన్ నగరంలో డబ్బు లేని బెయిల్‌ను ఆపాలని, దాన్ని పాటించే రాష్ట్రాలకు, కౌంటీలకు ఫెడరల్ నిధులు కత్తిరించే దారి చూడాలని ఉత్తర్వుల మీద సంతకాలు చేశారు. రాష్ట్రాల చట్టాలను అధ్యక్షుడి సంతకం రద్దు చేయలేదు, కాబట్టి ఇల్లినాయ్, న్యూజెర్సీ చట్టాలు ఆ సంతకంతో పోలేదు. నిధుల బెదిరింపు మాత్రం కొత్తగా ఆలోచిస్తున్న రాష్ట్రాలను వెనక్కి లాగుతుంది.

మనకు తెలిసినవాళ్ళు అరెస్టయితే ఏం చేయాలి?

కంగారులో ముందు బెయిల్ ఏజెంట్‌కు ఫోన్ చేయకండి. బెయిల్ ఎంతో, నేరుగా కోర్టుకు కట్టొచ్చో లేదో కనుక్కోండి. కోర్టుకు కట్టింది తిరిగొస్తుంది, ఏజెంట్‌కు ఇచ్చింది రాదు. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే పబ్లిక్ డిఫెండర్‌ను (ప్రభుత్వం ఇచ్చే డిఫెన్స్ లాయర్‌ను) అడగండి. సొంత పూచీకత్తు కోసం, బెయిల్ తగ్గింపు కోసం మళ్ళీ జడ్జి ముందు పెట్టమని కోరండి. ఉద్యోగం, చిరునామా, ఇంట్లో ఆధారపడినవాళ్ళ వివరాలు కాగితాలతో సహా లాయర్‌కు అందించండి. కొన్ని నిమిషాల విచారణలో ఆ కాగితాలే మాట్లాడతాయి. చాలా నగరాల్లో పేదవాళ్ళ తరఫున బెయిల్ కట్టే స్వచ్ఛంద నిధులు ఉన్నాయి, వాటి గురించి పబ్లిక్ డిఫెండర్ కార్యాలయంలో తెలుస్తుంది.

జైలు ఫోన్‌లో కేసు గురించి ఒక్క మాట మాట్లాడొద్దు, ఆ కాల్స్ రికార్డవుతాయి. నిందితుడు అమెరికా పౌరుడు కాకపోతే ఇంకో జాగ్రత్త: ఈరోజే ఇంటికి పంపిస్తామని చెప్పి నేరం ఒప్పుకోమంటే, దానివల్ల వీసాకో గ్రీన్ కార్డుకో ఏమవుతుందో లాయర్ చెప్పేదాకా సంతకం పెట్టొద్దు. దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే ముందే చెప్పాల్సిన బాధ్యత డిఫెన్స్ లాయర్‌దేనని 2010లో పడియా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లాయర్ తనంతట తను చెప్పకపోతే మీరే అడగండి.